చేతులు శుభ్రంగా లేనందువల్ల

నాలుగో గది తలుపు తీయకముందే పెద్దకోడలికి తేడా తెలిసిపోయింది. తలుపు సందులోంచి ఎప్పుడూ తడి గోనెసంచి వాసన వస్తుంది. ఆ సోమవారం పొద్దున మాత్రం పొడి వాసన వచ్చింది, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన పెట్టె మూత ఎత్తినట్టు. ఆమె మూతికి కట్టుకున్న గుడ్డ బిగించి, రెండు చేతులూ మోచేతుల దాకా మందునీళ్ళలో ముంచి, భుజంతో తలుపు తోసి లోపలికి వెళ్ళింది.

లోపల ఎనిమిది కొయ్య చట్రాలు, ఒక్కోదాంట్లో పది అల్యూమినియం ట్రేలు. మొత్తం ఎనభై. ప్రతి ట్రేలోనూ బెత్తెడు లోతున చక్కెర మడ్డినీళ్ళు, వాటి మీద బూజు. నిమ్మకాయ అన్నది ఒక్కటి కూడా ఆ ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి రాదు. అక్కడ నిమ్మ ఉప్పు చేసేది బూజే. దానికి విత్తనం చల్లి, వెచ్చగా ఉంచి, ఎవరూ కదపకుండా చూసుకుంటే, మడ్డిలో తీపి తిని కింద పులుపు వదులుతుంది. ఐదో రోజుకి ఆ బూజు తెల్లగా, మందంగా, పిండకుండా ఆరేసిన దుప్పటిలా ముడతలు పడి ఉండాలి.

ఆమె టార్చి వేసింది. మొదటి ట్రే నల్లగా ఉంది. రెండోదీ అంతే. కుంపటి మసి తెచ్చి జల్లెడ పట్టినట్టు, చట్రం పైనుంచి కింద దాకా నలుపు. గాజుపుల్లతో పొర అంచు పక్కకి నెట్టి, కింది నీళ్ళు ఒక చుక్క తీసి, బయటికి వచ్చి గుడ్డ దించి నాలిక మీద వేసుకుంది.

తియ్యగా ఉంది.

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకో మూల నుంచి తీసింది. అదీ తీపే. పదకొండేళ్ళలో ఐదో రోజు ఆమె నాలికకి తీపి తగలడం అదే మొదలు.

కెమిస్టు వచ్చేసరికి వరండాలో నలుగురు చేరారు. ఆయన వచ్చి ఆర్నెల్లయింది. ఎప్పుడూ చేతిలో సన్నటి గాజుగొట్టం పట్టుకుని, నడుం వంచకుండా నడుస్తాడు కాబట్టి పనివాళ్ళు ఆయనకి గాజుగొట్టం అనే పేరు పెట్టారు. గది గుమ్మం దగ్గరే నిలబడి తొంగిచూసి, రుమాలుతో ముక్కు మూసుకున్నాడు.

"ఎప్పుడు చూశావు?"

"ఇప్పుడే సార్."

"మొన్న ఏం చేస్తున్నావు మరి?"

"మొన్న శనివారం తెల్లగానే ఉంది. అంచుల్లో మాత్రం కాస్త పలచబడ్డట్టు అనిపించింది. సాయంత్రం మీ గది దగ్గరికొచ్చి చెప్పాను. ఫోన్లో ఉన్నారు, చేయి ఊపారు."

"చేయి ఊపితే చెప్పినట్టా?" అన్నాడు. తరవాత, అందరూ వింటున్నారో లేదో చూసుకుని, "ఏదీ, నీ చేతులు చూపించు" అన్నాడు.

ఆమె రెండు అరచేతులూ చాపింది. అంగట్లో చేప మొప్పలు ఎత్తి చూసినట్టు ఆయన గొట్టం చివరతో ఆమె వేళ్ళు ఎత్తి చూశాడు.

"ఈ గోళ్ళతోనేనా లోపలికి వెళ్ళేది?"

గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. ఆమె ఆ మాట అనబోయింది. ఈలోగా వెనక నుంచి బాయిలరాయన, "ఏం బూజమ్మా, నీ బూజుకే బూజు పట్టిందా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఫ్యాక్టరీలో ఆమెకి అదే పేరు. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నం కెమిస్టు గదికి పిలిపించి కాగితం ముందుకు తోశాడు. పక్కనే వేలిముద్ర కోసం సిరా దిండు మూత తీసి పెట్టాడు. ఆమె దిండుని పక్కకి జరిపి కాగితం చేతిలోకి తీసుకుంది. గది తలుపుల మీద చార్టులు చదవడం కోసం ఎప్పుడో కష్టపడి నేర్చుకున్న అక్షరాలు. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ పైకే చదివింది.

"పనిమనిషి, చేతులు శుభ్రంగా లేకుండా, లోపలికి వెళ్ళినందువల్ల, నాలుగో గది, మొత్తం పాడైనది."

"చదవడం కూడా వచ్చా?" అన్నాడు కెమిస్టు, మెచ్చుకున్నట్టు కాదు.

"సంతకం పెడితే ఏమవుతుంది సార్?"

"పెంపకం గదుల్లోంచి తీసి సున్నం తొట్ల దగ్గర వేస్తారు. పెట్టకపోతే గేటు బయట వేస్తారు. శనివారం అయ్యగారు వస్తున్నారు. అప్పటిలోగా నువ్వే తేల్చుకో."

సున్నం తొట్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళని ఫ్యాక్టరీలో మొహం చూడకుండానే పోల్చుకోవచ్చు. కాళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని నడుస్తారు. మరిగే పులుపు నీళ్ళలో సున్నం గుమ్మరించేటప్పుడు లేచే పొగకి మూడు నెలల్లో గొంతు పోతుంది. వాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవాలంటే చప్పట్లు కొడతారు.

ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "శనివారం చెప్తాను" అంది.

పాడైన ట్రేలు ఖాళీ చేయడం కూడా ఆమె పనే. ఒక్కోటీ రెండు చేతులతో ఎత్తి, వరండా చివరి కాలువలోకి వంచుతూ పోయింది. నల్లపొరలు చెప్పుల అట్టల్లా జారి పడుతున్నాయి. ముప్పయ్యో ట్రే వంచుతున్నప్పుడు దాని అడుగున ఎండ పడి కళ్ళలోకి కొట్టింది.

ఆమె ఆగింది. ట్రే అడుగు అలా మెరవకూడదు. ఏళ్ళ వాడకానికి ట్రేలన్నీ మబ్బు రంగులోకి తిరిగి, మసకగా, చేతికి నున్నగా ఉంటాయి. తోముడు గది వైపు ఆమె వెళ్ళదు కాబట్టి, మడ్డి పోశాకే ట్రేలు ఆమె కళ్ళ పడేవి. ఈ ట్రే అడుగంతా సన్నటి గీతలు, అటూ ఇటూ, దుమ్ములో కోడి కెలికినట్టు. మూల మడతలో ఏదో అంటుకుని ఉంటే గోరుతో గీకబోయింది, గోరు లేదు. చీపురుపుల్ల తెచ్చి లాగింది. వెంట్రుక అంత సన్నటి తీగ. ఎర్రగా తుప్పు పట్టి, ఉంగరంలా చుట్టుకుని ఉంది.

పాత కెమిస్టు ముసలాయన. విత్తనం సీసా ఆమె చేతికిచ్చిన మొదటి రోజే గుమ్మంలో నిలబెట్టి, పిన్నీసులు, తలపిన్నులు, మొలతాడుకున్న తాళంచెవి, అన్నీ తీయించాడు. ఇనుము తగిలితే బూజు పులుపు చేయడం మానేసి తన పిల్లల్ని తను చూసుకుంటుందని, ఆ పిల్లలే ఈ నలుపని చెప్పాడు. అప్పటి నుంచీ ఆమె రవికెకి హుక్కులు లేవు. దారం గుండీలే.

అప్పటికే వంచేసినవీ, మిగతా యాభై ట్రేలూ తిప్పి చూసింది. అన్నింటికీ గీతలే.

*

తోముడు గదిలో ఆవిరికి మనిషి కనపడదు. మరుగు నీళ్ళ తొట్టి ముందు పీట మీద చిన్నకోడలు కూర్చుని మెత్తటి గుడ్డతో ట్రే రుద్దుతోంది. పెద్దకోడలు గుమ్మంలో నిలబడగానే ఆమె చేతి వేగం పెరిగింది. తల ఎత్తలేదు.

ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే గేటులోంచి పనికి వచ్చేవాళ్ళు, మూడేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అనవలసినవి ఉంటే గోడకో గిన్నెకో చెబుతారు.

పెద్దకోడలు తుప్పు తీగని ట్రేల దొంతి మీద పెట్టింది. "నాలుగో గది ట్రేలు దేంతో తోమారో" అంది, దొంతితో.

చిన్నకోడలు చేతిలోని ట్రేతో చెప్పింది. "వచ్చిందే మహారాణి, లెక్క అడగడానికి. తోమేవాళ్ళకి కళ్ళుంటాయా? చేతులే ఉంటాయి. అవీ శుభ్రమైనవి కావు."

"గీతలు పడ్డాయి. తీగ పీచుతో రుద్దితేనే అలా పడతాయి."

"పడితే పడ్డాయి. నల్లబడింది ఎవరి గదో వాళ్ళే ఏడవాలి." చిన్నకోడలు ట్రేని నీళ్ళలో దభీమని ముంచింది. మరుగు నీళ్ళు చింది పెద్దకోడలి పాదం మీద పడ్డాయి. ఆమె కాలు వెనక్కి తీసుకుంది గాని గుమ్మం వదల్లేదు. చిన్నకోడలి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చీలి, ఆ చీలికల మీద గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. ట్రేల అడుగున మిగిలే పులుపు ఆ చీలికల్లోకి దిగినప్పుడల్లా ఆమె పెదవి ఒకవైపుకి లాగుతోంది. అది తప్ప మొహంలో ఏ మార్పూ లేదు.

ఇంట్లో వరసగా మూడు గదులు. ఈ చివర పెద్దకోడలు, ఆ చివర చిన్నకోడలు, మధ్యలో అత్త. పెద్దకోడలికి భర్త పోయాడు. చిన్నకోడలి భర్త లారీ మీద ఉంటాడు, నెలకోసారి వస్తాడు. అటూ ఇటూ మాటలు మోయడం అత్త వంతు. ఆ సాయంత్రం ఆమె మంచం మీద కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది.

"అత్తా, అడుగు. తీగ పీచు ఎవరిచ్చారో" అంది పెద్దకోడలు తన గుమ్మంలోంచి.

"ఎవరిచ్చారే?" అంది అత్త, తల తిప్పకుండా.

"తెలిస్తే ఏం చేస్తుందో ముందు చెప్పమను" అంది చిన్నకోడలు అటు నుంచి.

"ఏం చేస్తావే?"

"చేసేదేం ఉంది? నన్ను సున్నంలో వేస్తున్నారు. నా తప్పు కాదని చెప్పుకోవాలి."

"వినపడిందా?" అంది అత్త అటు.

"వినపడింది. మూడేళ్ళ కిందట గదుల్లో ఒక్క మనిషి కావలసి వస్తే, పాత ఫోర్‌మన్ ఈవిణ్ణి అడిగాడు, మీ తోడికోడల్ని వేసుకోవచ్చా అని. ఈవిడ ఏమందో గుర్తుందేమో అడుగు అత్తా. దాని చేతులు శుభ్రంగా ఉండవు, బూజు పాడవుతుంది అంది. పరాయిదాన్ని తెచ్చి వేసుకున్నారు. నేను తొట్టి దగ్గరే ఉండిపోయాను. ఇవాళ అదే మాట తనకి రాశారట. నాకు చదవడం రాదు గాని, బాయిలరాయన చెప్తుంటే విని కడుపునిండా నవ్వుకున్నానని చెప్పు."

"ఇంత పొడుగు మాట నేను మొయ్యలేను" అంది అత్త. "నేనేమన్నా టెలిఫోను స్తంభాన్నా? నీ నోటితో నువ్వే అఘోరించు."

ఎవరూ అఘోరించలేదు. పెద్దకోడలు అత్త గిన్నె తీసుకోవడానికి మధ్య గదిలోకి వచ్చింది. అవతలి గది తలుపు తెరిచే ఉంది. పొయ్యి పక్కన అలమరలో చిన్నకోడలి వంటగిన్నె బోర్లించి ఉంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ మసి పట్టి బొగ్గులా ఉండే గిన్నె. దాని అడుగు ఇప్పుడు అద్దంలా మెరుస్తోంది.

పెద్దకోడలు దాన్ని చూసింది. తను చూసినట్టు చిన్నకోడలు చూసింది. తలుపు వేసుకుంది.

*

మంగళవారం పెద్దకోడలు రెండు ట్రేలు ఎంచుకుంది. ఒకటి నాలుగో గదిదే, గీతలు పడ్డది. ఒకటి అరుగు మీద ఎప్పటి నుంచో పడి ఉన్నది, మసకగా ఉన్నది. రెండింటినీ తనే వేడినీళ్ళలో, మెత్తటి గుడ్డతో కడిగింది. బాయిలరు దగ్గరికి వెళ్ళి మడ్డినీళ్ళు అడిగింది.

"నాకెందుకమ్మా ఈ తంటా" అన్నాడు బాయిలరాయన. "గాజుగొట్టం చూస్తే నన్ను కూడా నీతోపాటు సున్నంలో పాతిపెడతాడు. నా గొంతేమో పాటలు పాడుకునే గొంతు."

"ఒక్క తపేలా. రెండింటికీ ఒకే తపేలా నుంచి పోయాలి."

"నేను అటు తిరిగి నిలబడతాను. దొంగతనం జరిగిపోతే నాకేం తెలుస్తుంది?" అని నిజంగానే అటు తిరిగి పాట ఎత్తుకున్నాడు. పాటకి శ్రుతి లేదు.

రెండు ట్రేలనీ రెండో గదిలో అన్నిటికంటే కింది వరసలో, గోడ వైపుకి తోసి పెట్టింది. ఒకే సీసా నుంచి, ఒకే చెంచాతో విత్తనం చల్లింది. నల్లటి ఆ పొడి నీళ్ళ మీద వాలి, కదలకుండా తేలింది. కెమిస్టు కింది వరస చూడడని ఆమెకి తెలుసు. చూడాలంటే వంగాలి.

బుధవారం రెండింటి మీదా సాలెగూడు అంత పొర వచ్చింది. గురువారం రెండూ తెల్లబడ్డాయి. ఒకేలా. ఆమె నేల మీద బోర్లా పడుకుని, టార్చి దగ్గరగా పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకి చూసింది. ఏ తేడా లేదు.

ఆ రోజు అన్నాల వేళ ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. పక్క గదుల ఇద్దరు ఆడవాళ్ళూ డబ్బాలు పట్టుకుని మెట్ల అవతలికి వెళ్ళారు. ఆమె తినడం మానేసి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. గోళ్ళ సందుల్లో పుల్ల పెట్టి గీకింది. నాలుగో గదిలో విత్తనం చల్లిన రోజు తను ముందు ఏం ముట్టుకుందో గుర్తు తెచ్చుకోబోయింది. గేటు గడియ ముట్టుకుందా? గొడుగు పుల్ల? ఏది గుర్తు చేసుకున్నా ఇనుమే తగులుతోంది.

వెనక బకెట్టు చప్పుడైంది. చిన్నకోడలు నీళ్ళకి వచ్చింది. కుళాయి వదిలే దాకా ఎడంగా నిలబడి, బకెట్టుతో అంది. "ఎంత కడిగినా పోదు. నాకూ పోలేదు, మూడేళ్ళు కడిగాను."

పెద్దకోడలు చేతులు చీరకి తుడుచుకోకుండానే వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున గీతల ట్రేలో, అంచు పొడుగునా బూడిద రంగు గీత వచ్చింది. సాయంత్రానికి అది నలుపైంది. శనివారం ఆమె గది తెరిచేసరికి ఒక ట్రే మసిగుడ్డలా, దాని పక్కనే ఇంకోటి తెల్లగా, ముడతలు పడి. ఆమె తెల్లదాని కింది నీళ్ళు నాలిక మీద వేసుకుంది. పులుపుకి రెండు దవడలూ లాగాయి. కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

*

అయ్యగారికి వరండాలో కుర్చీ వేశారు. యజమాని ఏడాదికి నాలుగుసార్లు వస్తాడు, వచ్చినప్పుడల్లా ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకునే కూర్చుంటాడు. పక్కన కెమిస్టు నిలబడి ఏదో చెబుతున్నాడు. పెద్దకోడలు ఒక్కో ట్రే తెచ్చి, నీళ్ళు తొణక్కుండా, ఆయన కాళ్ళ ముందు నేల మీద పెట్టింది. పక్కన తుప్పు తీగ పెట్టింది.

"ఇదేంటి?" అన్నాడు అయ్యగారు.

"ఒకే మడ్డి అయ్యా. ఒకే విత్తనం, ఒకే గది. చల్లింది ఈ చేతులే. నా చేతులు బాలేకపోతే రెండూ నల్లబడాలి. ఇది గీతలు పడ్డ ట్రే, ఇది పడనిది. నాలుగో గదిలో ఎనభైకీ ఎనభై గీతలు పడ్డాయి. తీగ పీచుతో తోమారు, ఇనుము దిగింది."

కెమిస్టు మొహంలో రంగు మారింది. ఒక్క క్షణం. తరవాత ఆయన మొదటిసారి వంగి, తీగని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"నేనూ అదే అనుకున్నాను సార్" అన్నాడు అయ్యగారితో. "తోముడు గదిలోనే జరిగింది. పిలవండి ఆవిణ్ణి."

చిన్నకోడలు తడి చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చి స్తంభం పక్కన నిలబడింది. కెమిస్టు మోకాలి మీద అట్ట పెట్టుకుని గబగబా రాశాడు. రాసినంతసేపూ ఆమె వైపు చూడలేదు, ఏమీ అడగలేదు. రాసి, పెద్దకోడలికి అందించాడు, కలంతో సహా.

"సాక్షి సంతకం పెట్టు. నీ కాగితం ఇలా ఇచ్చెయ్యి, చించేస్తా. సోమవారం యథాప్రకారం నీ గదులకి నువ్వు వెళ్ళొచ్చు."

ఆమె కాగితం మీద వేలు పెట్టింది. తోముడు పనిమనిషి, చేతులు శుభ్రంగా లేకుండా. అక్కడికి వచ్చి వేలు ఆగింది. రవికెలోంచి తన కాగితం తీసి, విప్పి, పక్కన పెట్టి చూసింది. అదే సిరా, అవే మాటలు. మనిషి ఒక్కటే మారింది.

ఇంట్లో గిన్నె సంగతి చెబితే దొంగతనం కూడా కలుస్తుంది. ఇంక సున్నం దాకా కూడా పోనక్కర్లేదు, తిన్నగా గేటే. చిన్నకోడలు ఆమె మొహం చూడడం లేదు. కలం చూస్తోంది. మూడేళ్ళ కిందట ఫోర్‌మన్ అడిగినప్పుడు కూడా ఇలాగే, ఇదే స్తంభం పక్కన, నిలబడి ఉంది.

"ఇది తప్పు సార్" అంది పెద్దకోడలు.

"ఏది తప్పు?"

"ఈ మాట. దాని చేతులు శుభ్రమైనవే. ఇదివరకు నేనే కాదన్నాను, ఫోర్‌మన్‌తో. అబద్ధం చెప్పాను. అది వస్తే పనిలో నన్ను మించిపోతుందని చెప్పాను." కలం అట్ట మీద పెట్టేసింది. "అది ఎవరేం చెబితే అది చేసే మనిషి. పీచు దాని చేతికి ఎవరిచ్చారో వాళ్ళని రాయండి."

బాయిలరు దగ్గర నుంచి వినపడుతున్న పాట ఆగింది.

"ఎవరిచ్చారు?" అన్నాడు అయ్యగారు, విసుగ్గా.

చిన్నకోడలు గొంతు సవరించుకుంది. "ఈ సారే ఇచ్చారు. ఆయన సంచిలోంచి తీసి. కొనేవాళ్ళు నాలుగో గది ట్రేలు చూడ్డానికి వస్తున్నారు, వాటిలో మొహం కనపడాలి అన్నారు. పాత సారు తీగ పీచు ముట్టనిచ్చేవారు కాదండీ అని చెప్పాను. పాత సారుకేం తెలుసు అన్నారు. నోరెత్తితే తొట్టి దగ్గర కూడా ఉండవు అన్నారు."

"పచ్చి అబద్ధం. రుజువేది?" అన్నాడు కెమిస్టు.

"ఇంట్లో ఉంది. ఒకటి పట్టుకెళ్ళాను, గిన్నె తోముకోడానికి." చిన్నకోడలు ముందుకి తెచ్చిన చేతుల్ని మళ్ళీ వెనక్కి పెట్టుకోలేదు. "దొంగతనమే. రాసుకోండి. దాని అట్ట మీద మీరు కొనుక్కొచ్చిన కొట్టు పేరు కూడా ఉంది."

బాయిలరాయన ఎక్కడో ఫక్కుమన్నాడు. అయ్యగారు రుమాలు ముక్కు మీంచి తీసి మడత పెట్టుకున్నాడు. కొనేవాళ్ళు వచ్చిన రోజు ఆయనే ఒక ట్రే ఎత్తి, భలే ఉంచావయ్యా ఫ్యాక్టరీని అని అందరి ముందూ కెమిస్టు భుజం తట్టాడు. అది అక్కడున్న వాళ్ళందరూ చూశారు. ఆయనకీ గుర్తుకొచ్చినట్టుంది. కెమిస్టు వైపు కాకుండా ట్రేల వైపు చూస్తూ మాట్లాడాడు.

"సరే. ఇకమీదట తీగ పీచు వద్దు. అయిపోయింది." లేచి నిలబడ్డాడు. నాలుగడుగులు వేసి, ఏదో వదిలిపెట్టి పోతున్నట్టు ఆగాడు. "ఏమ్మా, ఫోర్‌మన్‌కి అబద్ధం చెప్పానన్నావు కదూ?"

"అన్నాను అయ్యా."

"అబద్ధం చెప్పే మనిషిని గదుల్లో ఎలా ఉంచమంటావు? ఈవిడ చేతులు శుభ్రమైనవని నువ్వే అన్నావు. సోమవారం నుంచి ఈవిడ గదుల్లోకి, నువ్వు తోముడుకి." కెమిస్టుతో, "అంతేగా?" అన్నాడు.

"అంతే సార్" అన్నాడు కెమిస్టు. ఆయన మొహం మీదకి రంగు తిరిగి వచ్చింది.

పెద్దకోడలు తెల్లబూజు ఉన్న ట్రే ఎత్తుకుని రెండో గదిలో దాని చోట పెట్టి వచ్చింది. ఇంకా నాలుగు రోజులు ఉంటే పూర్తిగా పులుస్తుంది. నల్లదాన్ని కాలువలో వంచింది.

*

ఆదివారం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ, గోడలతో కూడా మాట్లాడలేదు. సాయంత్రం చిన్నకోడలు తన గుమ్మంలో కూర్చుని రవికె ఒళ్ళో పెట్టుకుంది. కత్తెరతో హుక్కులు ఒక్కొక్కటే కత్తిరించి పక్కన పెడుతోంది. వాటి చోట ఏం కుట్టాలో తెలియక దారం అటూ ఇటూ తిప్పుతోంది. వేళ్ళకి కట్టిన పీలికలు దారానికి చిక్కుకుంటున్నాయి.

పెద్దకోడలు కాసేపు చూసింది. లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చి మధ్య గదిలోకి విసిరింది. అది అత్త ఒళ్ళో పడింది.

"చంపేస్తావా ఏంటే? ఏంటిది?"

"దారం గుండీలు. అడగనివాళ్ళకి ఇచ్చెయ్యి."

అత్త డబ్బా ఊపి చూసింది. "నాకు పెన్షన్ ఇవ్వండే మీరిద్దరూ" అంటూ దాన్ని మంచం అవతలి వైపు నుంచి నేల మీద దొర్లించింది. చిన్నకోడలు డబ్బా కాసేపు తీసుకోలేదు. తరవాత తీసుకుంది.

సోమవారం తోముడు గదిలో పీట ఇంకా వెచ్చగా ఉంది, బాయిలరు పక్క గోడ అవతలే కాబట్టి. పెద్దకోడలు మరుగు నీళ్ళలోకి చేతులు దించింది, వెంటనే తీసేసింది. ఆవిరిలో చుట్టూ ఎవరూ లేరు. మళ్ళీ దించింది. ఎనిమిదో ట్రే దాకా వచ్చేసరికి వేళ్ళు ఉబ్బాయి. ఇరవయ్యోదానికి బొటనవేలి పక్కన చర్మం విడిచి, ట్రే అడుగున మిగిలిన పులుపు అందులోకి దిగింది. ఆమె పెదవి ఒకవైపుకి లాగింది.

గుమ్మంలో చిన్నకోడలు నిలబడి ఉంది. మూతికి గుడ్డ, చేతులు మోచేతుల దాకా తడి. కడిగిన ట్రేల దొంతి దగ్గరికి వచ్చి, ఒక్కోటీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నాలుగు మూలల్లోనూ వేలి కొన తిప్పింది. అడుగున అరచేయి పరిచి రాసింది. ఏ తొందరా లేదు. ఒకటి చూసి పక్కన పెట్టి, ఇంకోటి ఎత్తింది. పెద్దకోడలు పని ఆపి ఆ చేతుల్ని చూస్తూ కూర్చుంది. చూసి తీరవలసిన పని లేకపోయినా చూసింది.

పదిహేడో ట్రే దగ్గర చిన్నకోడలు ఆగింది. మూలలో రెండుసార్లు వేలు తిప్పి, దాన్ని తెచ్చి తొట్టి అంచు మీద పెట్టింది.

"మళ్ళీ తోము" అంది. ట్రేతో కాదు.

మిగతావి ఎత్తుకుని వెళ్ళిపోయింది. పెద్దకోడలు ఆ ట్రే ఒళ్ళోకి తీసుకుని, తలుపు వైపుకి తిరిగి, మూలలో వేలు పెట్టి చూసింది. అక్కడ ఏమీ లేదు. ఇంకో మూల చూసింది. అక్కడా ఏమీ లేదు.

ఆమె మెత్తటి గుడ్డ పిండి, ట్రేని మరుగు నీళ్ళలో ముంచింది.